వేరే గ్లాసు పెట్టండి అని చెప్పేటోళ్ళం

లివర్ మార్పిడి ఆపరేషన్ చేసేది డాక్టర్లు. ఆ తర్వాత మనిషిని ఇంటికి పంపినంక ఎట్ల బతుకుతున్నడో చూసేది మా పని. దాన్ని కోఆర్డినేటర్ ఉద్యోగం అంటరు. పేరు పెద్దగనే ఉంటది గాని పనంతా ఫోన్లల్ల, పేషెంట్ల ఇండ్లల్ల. గోళీలు టైముకు వేసుకుంటున్నడా, జ్వరం వచ్చిందా, రక్తపరీక్షకు వచ్చిండా, ఇంట్లోళ్ళు ఏం వండిపెడుతున్నరు, మనిషి నవ్వుతున్నడా లేదా. ఈ చివరిది అడగమని మాకు ఎవ్వరు చెప్పలేదు. నేను మాత్రం ముందు అదే అడిగేదాన్ని.

నా పేరు సుజాత. మాది మేడ్చల్ దిక్కు, భూములున్న ఇల్లు. నర్సింగ్ చదువుతనంటే మా నాయిన చాన రోజులు నాతోని మాట్లాడలేదు. "పరాయోళ్ళ ఒళ్ళు కడిగే పని నీకెందుకే" అన్నడు. నాది మొండితనం. చదివిన, వార్డుల్ల చేసిన, చివరికి ఈ పనిల పడి ఇందులనే రిటైర్ అయిన. ఇప్పుడు కొత్తగ చేరుతున్న పిల్లలు అల్వాల్‌ల మా ఇంటికొచ్చి "మేడం, మేం ఏం చదువుకోవాలె" అని అడుగుతున్నరు. చదివేది పుస్తకాలల్ల ఉన్నది, మంచిగ చదువుకోండి. నేను చెప్పేది మనుషుల దగ్గర నేర్చుకున్నది.

రిపోర్టు బాగుంటే మనిషి బాగున్నట్టేనా

మా పెద్ద డాక్టరు చేతిల కత్తి పట్టుకుంటే దేవుడు. నోరు తెరిస్తే మాత్రం పాత జమానా పోలీస్ పటేలు. ఆయనకు కోపం జల్దీ వచ్చేది, జల్దీ పోయేది. మనిషి మంచోడు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్త. కాని ఆయనకు ఒక అలవాటుండేది. పేషెంటు మొఖం చూడకముందే రిపోర్టు చూసేది. "నంబర్లు బాగున్నయి, ఇంకేం కావాలె?" అనేది.

రావల్కోల్ నుంచి ఒక రైతు వచ్చేటోడు. ఆపరేషన్ అయి ఏడాది దాటింది. రిపోర్టులు అద్దం తీర్గ ఉన్నయి. కొడుకులు ఆయనను మేడ మీద రూముల పెట్టి, ఏసీ పెట్టి, తలుపేసి ఉంచిండ్రు. మనవరాలిని గడప కాడనే నిలబెడుతరు. పొలం మొఖం చూడనియ్యలేదు. "ఎట్లున్నవు పటేలా?" అని అడిగిన.

"ఫ్రిజ్జుల పెట్టిన టమాట లెక్క ఉన్న సిస్టరమ్మా" అన్నడు. "ఖరాబైతలేను. ఎవ్వలకు పనికొస్తలేను."

ఆ పొద్దు నేను కొడుకులను బయటికి పిలిచి మస్తు తిట్టిన. మొదటి కొన్ని నెలలు జాగ్రత్త గట్టిగ ఉండాలె, నిజమే. ఈ గోళీలు కొత్త లివర్‌ను కాపాడేటందుకు ఒంట్ల ఉన్న కాపలాను తగ్గిస్తయి, చిన్న జ్వరం కూడ పెద్దగైతది. కాని ఆ నెలలు పోయినంక కట్టడి ఒక్కొక్కటి ఇప్పుకుంట రావాలె. బూట్లు వేసుకోని, చేతులకు గ్లౌజులు తొడుక్కోని, ఎండ తగ్గినంక పొలం గట్టు మీదికి పోనియ్యుండ్రి అని చెప్పిన. మళ్ళొకసారి నేను ఫోన్ చేస్తే ఆయన బోరు మోటరు బాగుచేసేటోనితోని కొట్లాడుతున్నడు. నాతోని మాట్లాడే తీరిక లేదన్నడు. ఆయన బాగయిండని నాకు ఆ పొద్దు నమ్మకం కుదిరింది.

కట్టడి పెట్టుడు సులువు. ఎందుకు పెడుతున్నమో చెప్పుడు కష్టం. మన పనిల తొందరెక్కువ, కారణం చెప్పే తీరిక ఉండది. కారణం చెప్పకపోతే ఏమైతదో నాకు మచ్చ బొల్లారంల ఒక ఇల్లు నేర్పింది. అసలు చెప్పాలనుకున్నది గా ఇంటి సంగతే.

రత్నం

యేసురత్నం మచ్చ బొల్లారంల వెల్డింగ్ షాపు నడిపేటోడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసేది. ఆదివారం చర్చిల డోలక్ కొట్టేది. జన్మల మందు ముట్టనోడు. ఒంటిని కాపాడాల్సిందే ఒంటి మీద తిరగబడి లివర్‌ను తినే జబ్బు ఒకటున్నది, గది వచ్చింది పాపం. అయినా లోకం ఊకుంటదా? లివర్ పోయిందంటే తాగిపోగొట్టుకున్నడనే అన్నరు. భార్య కరుణ ఆ మాటలు విని విని ఎండిపోయింది. ఆఖరికి ప్రాణం పోయిన ఒక మనిషి ఇంటోళ్ళు దయతలిస్తే రత్నంకు లివర్ దొరికింది.

ఇంటికి పంపే రోజు అందరికి చెప్పినట్టే చెప్పినం. కాగబెట్టిన నీళ్ళు, వేడి వేడి ఇంటి తిండి, గోళీలు గడియారం చూసి వేసుకునుడు, మందిల మాస్కు. ఇంక "వేరే గ్లాసు, వేరే ప్లేటు, వేరే చెంబు పెట్టండి." కరుణ తలకాయ ఊపింది. రత్నం వాళ్ళమ్మ శాంతమ్మ పక్కన నిలబడి ఏమనలేదు. ఆమెది సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆమె ఊకున్నదంటే ఒప్పుకున్నదని మేం అనుకున్నం.

కొన్నాళ్ళు బాగనే ఉన్నడు. తర్వాత జ్వరం, విరేచనాలు. అడ్మిట్ చేసినం. విరేచనాలైతే ఆ గోళీల మందు రక్తంల ఎక్కువైపోతది, కిడ్నీల మీద పడుతది. రత్నం కిడ్నీలు మొరాయించినయి. గండం గడిచినంక పెద్ద డాక్టరు వచ్చి మంచం కాడ నిలబడ్డడు.

"ఇంట్ల గ్లాసు వేరే పెట్టిండ్రా?"

కరుణ నేల చూసింది. రత్నం "లేదు సార్" అన్నడు.

"ఎందుకు పెట్టలే?"

శాంతమ్మ ముందుకొచ్చింది. "నా ఇంట్లె గవి నడువయి డాక్టరు సాబ్."

డాక్టరు అగ్గి మీద గుగ్గిలమైండు. "చదువు లేదు, చెప్తే వినరు! మీ మూర్ఖత్వానికి ఒకరి లివర్ వృథా చేస్తరా?" అని వార్డంత వినబడేటట్టు అరిచిండు. శాంతమ్మ కండ్లు ఎర్రబడ్డయి గాని ఒక్క చుక్క రాలలేదు. డాక్టరు పోయేటప్పుడు నాతోని అన్నడు, "సుజాతా, ఆ ఇంటికి పో. ఇంకొకసారి ఇట్లయితే నా చేతుల లేదు." ఆయన అబద్ధం చెప్పలేదు. ఇన్ఫెక్షన్ మళ్ళ వస్తే ఈసారి కిడ్నీలు పోవచ్చు, కొత్త లివరే పోవచ్చు.

అయితే ఒక మాట నిజాయితీగ చెప్పాలె. ఆ జ్వరం గ్లాసుతోనే వచ్చిందని మాదగ్గర రుజువేం లేదు. గాలికి రావచ్చు, చేతులకు రావచ్చు. మనకు తెలియనిది పేషెంటు ఇంటోళ్ళ నెత్తిన రుద్దుడు మన వృత్తిల ఉన్న పెద్ద రోగం.

శాంతమ్మ ఇంట్ల

ఆ ఇంట్ల అడుగుపెట్టిన. మా వార్డు కంటే శుభ్రంగ ఉన్నది. నీళ్ళు కాగబెట్టి, వడగట్టి, మూతపెట్టి ఉన్నయి. సబ్బు గడప కాడనే ఉన్నది. చెప్పులు బయటనే. కూరగాయలు ఉప్పు నీళ్ళల్ల నానుతున్నయి. మేం చెప్పిన అన్నిట్ల ఒక్కటి తప్ప ఏది తప్పలేదు.

చాప మీద కూసోని అడిగిన. "అమ్మా, ఇంత సక్కగ చేస్తున్నవు. ఒక్క గ్లాసు కాడ ఎందుకు మొండికేస్తున్నవు?"

శాంతమ్మ వచ్చి నా ఎదురుంగ కూసున్నది. చీరకొంగుతోని చేతులు తుడుసుకున్నది.

"మా మామ పొద్దంత ఎడ్లబండి తోలేది సిస్టరమ్మా. ఊర్ల హోటలుండె. అందరు లోపట బల్లల మీద కూసోని తాగేది. మా మామకు బయట సూరుల, కప్పు సందుల చెక్కి పెట్టిన గ్లాసు. ఆయననే దీసుకోవాలె, ఆయనకు పైనుంచి పోస్తరు, తాగి, ఆయననే కడిగి, మళ్ళ సూరులనే పెట్టాలె. నా పెనిమిటి చిన్నపిలగాడప్పుడు తెల్వక లోపలి గ్లాసు ముట్టిండట. ఏం కొట్టిండ్రు వాన్ని! సచ్చేదాంక చెవుల మోత పోలే ఆయనకు."

నేను చేతుల ఫైలు మూసి కింద పెట్టిన.

"గప్పుడు మా వాడకు ఒక పాస్టరు వచ్చిండు. గుడిసెల ప్రార్థన వెట్టి, ఒక్క పాత్ర తెచ్చి, ముందుగాల ఆయన తాగి, గదే పాత్ర మా అత్త నోటికిచ్చిండు. మా అత్త బోరున ఏడ్చిందట. ఆ పొద్దుకెళ్ళి మా ఇంట్లె ఎవ్వలకు వేరే గ్లాసు లేదు. ఎత్తి పోసుకునుడు గూడ లేదు. అందరం కరిచిపట్టుకోనే తాగుతం. ఇప్పుడు నా కొడుక్కు, నా ఇంట్లె, నా చేతులతోని వేరే గ్లాసు వెట్టుమంటున్నవా? సూరు లేకపాయె గద ఈ ఇంటికి, యాడ చెక్కాలె దాన్ని?"

నాకు మొఖం ఎత్తబుద్ధి కాలేదు. మా ఇంట్ల కూడ పశువుల కొట్టం గోడకు ఒక గూడు ఉండేది. అందుల నాలుగు గ్లాసులు బోర్లించి ఉండేటియి. అవి ఎవ్వరివో చిన్నప్పటినుంచి నాకు తెలుసు. ఆమె చెప్తున్న హోటలు మా ఊరిది కాకపోవచ్చు. అయితే ఏంది? సిగ్గుతోని నా చెవులు కాలినయి. వేరే గ్లాసు అనే మాట మాకు సబ్బు అన్నంత మామూలు మాట, ఆమెకు అది చెంపదెబ్బ.

అప్పటిదాంక గోడకొరిగి ఉన్న రత్నం నోరు తెరిచిండు. "సిస్టర్, వచ్చే ఆదివారం బల్ల ఉన్నది. ఆపరేషన్ అయినకాడికెళ్ళి నేను బల్లకు పోలే. ఈసారి పోత. అందరు తాగే ఒక్క పాత్రలనే తాగుత."

వాళ్ళ చర్చిల నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరికి ఇస్తరు. దాన్నే బల్ల అంటరు. పాత్ర ఒక్కటే, మంది ఎనభై మందిదాంక ఉంటరు.

కరుణ ఒక్కసారి లేచింది. "ఏం మాట్లాడుతున్నవు? మొన్ననే గద సావు నోట్లకెళ్ళి వచ్చినవు!"

"సస్తే సస్త" అన్నడు రత్నం. గొంతు పెంచలేదు. "ఎవలో పుణ్యాత్ముడు సచ్చి నాకు లివర్ ఇచ్చిండు. ఇంట్లె మూలకు కూసోని వేరే ప్లేట్ల తినేటందుకా? నేను మనిషి లెక్క బతుకుత. లేకపోతే ఎందుకీ గోళీలు?"

తల్లి మొండి, కొడుకు జగమొండి. ఆదివారం ఇంక దూరం లేదు. ఆ పాత్రల ఎనభై నోళ్ళు తాగినంక వాడు తాగితే ఏమైతదో నాకు తెలుసు. తాగనియ్యకపోతే ఏమైతదో కూడ ఆ రైతును చూసినంక నాకు తెలుసు.

ఎవరి నోటికెళ్ళి ఎవరికి

మర్నాడు పెద్ద డాక్టరు దగ్గరికి పోయిన. కూసోమనకముందే కూసున్న.

"సార్, ప్రమాదం రత్నం నుంచి ఇంటోళ్ళకా, ఇంటోళ్ళకెళ్ళి వానికా?"

"ఏం అడుగుతున్నవు? ఇంటోళ్ళకెళ్ళి వానికి. గింత తెల్వదా?"

"నాకు తెలుసు సార్. వాళ్ళకు మనం ఎప్పుడన్న చెప్పినమా?"

ఆయన పెన్ను కింద పెట్టిండు. నేను శాంతమ్మ మామ సంగతి చెప్పిన, సూరుల గ్లాసు చెప్పిన. ఆయన కిటికీ దిక్కు చూసుకుంట విన్నడు. "వార్డుల అట్ల అనకపోవాల్సింది నేను" అన్నడు, చిన్నగ. మళ్ళ ఎప్పటి తీరుగనే, "నువ్వేం చేస్తవో చెయ్యి. నాకు మాత్రం వాడు మళ్ళ అడ్మిట్ కావద్దు" అన్నడు. ఎన్ని తిట్లు తిన్నా ఆయన దగ్గర ఎందుకు పనిచేసినవు అని అడుగుతరు నన్ను. తప్పు అని తెలిస్తే తలవంచే బాస్‌లు చాన తక్కువ, అందుకే చేసిన.

అటునుంచి అటే మచ్చ బొల్లారం పోయిన. శాంతమ్మ నన్ను చూసి "మళ్ళొచ్చినవా?" అన్నది.

"ఒక్క మాట చెప్పేటందుకు వచ్చిన. రత్నం రోగం మీకు అంటుకునేది కాదు. వానికి ఎవ్వరి నోటిది అంటొద్దు. గంతే."

ఆమె కనుబొమలు ముడిచింది. "అంటే? వాని ఎంగిలి మేము తాగొచ్చా?"

"మంచిగ తాగొచ్చు."

"మా ఎంగిలి వాడు తాగొద్దు?"

"తాగొద్దు."

"ఓ నీ ఇల్లు బంగారం గాను! గా మాట ముందుగాల జెప్పరాదు?" అని ఒక్క ఉదుటున లేచింది. చెంబు తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, కాగి చల్లారిన నీళ్ళు నింపి కొడుకు చేతికిచ్చింది. రత్నం తాగిండు. మిగిలినయి ఆమె అదే చెంబుకు మూతి పెట్టి తాగి కరుణకిచ్చింది. "ఇగ ఈ ఇంట్లె ముందుగాల వాడు, వాని ఎనుక మేము. అయిపాయె! గీ దానికి ఇంత లొల్లి జేస్తిరి" అన్నది నా దిక్కు చూసి.

కొత్త పిల్లలకు నేను చెప్పేది ఇదే. జాగ్రత్త దేనికోసమో మీరు విప్పి చెప్తే, దాన్ని ఎట్ల పాటించాలెనో ఆ ఇల్లే చూసుకుంటది.

బల్ల కాడ

ఇల్లు తేలింది గాని చర్చి తేలలేదు. శనివారం సాయంత్రం అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, చర్చిల పెద్దమనుషులను పిలిచిండు. నన్ను కూడ రమ్మన్నడు. చిన్న వయసు, మెత్తటి మనిషి. "అందరికి చిన్న చిన్న గ్లాసులు పెడదాం, టౌన్ల చానమంది అట్లనే చేస్తున్నరు" అన్నడు.

శాంతమ్మ ఒప్పుకోలే. "వేరే గ్లాసులిడిచిపెట్టి ఈడికొచ్చినోళ్ళం అయ్యగారూ. ఈడ గూడ గవ్వేనా? నా కొడుకు ముందుగాల తాగుతడు. మీరందరు ఎనుక తాగుండ్రి."

సంఘ పెద్ద ఇమ్మానుయేలు గారు గొంతు సవరించిండు. ముందు అయ్యగారు, తర్వాత పెద్దలు, తర్వాత మొగోళ్ళు, ఆఖరుకు ఆడోళ్ళు, అది వరుస అన్నడు. కొంచెంసేపు అటు ఇటు తిప్పి అసలు మాట బయటపెట్టిండు. "లివర్ రోగమంటే పసిరికలు, కామెర్లే గద. అంటుకుంటయి. పిల్లజెల్లలున్నోళ్ళం. వాడు తాగినంక ఎవ్వలు తాగుతరు?"

నేను చెప్పిన. వానిది అంటుకునే రోగం కాదని, ప్రమాదమంతా మన నోట్లకెళ్ళి వానికేనని, నా సర్వీసంతా వీళ్ళ మధ్యనే గడిపిన అని చెప్పిన. ఆయన మర్యాదగనే "నువ్వు మా సంఘం దానివి గాదు గద సిస్టర్" అన్నడు. నిజమే, కాదు.

రత్నం లేచి నిలబడ్డడు. "తాగేటోళ్ళు తాగుండ్రి, లేకపోతే లేదు. నేనైతే వస్త" అన్నడు. అయ్యగారు తలవంచుకోని కొంచెంసేపు ప్రార్థన చేసిండు. తలెత్తి "రత్నమే ముందు" అన్నడు. మిగిలినోళ్ళ సంగతి ఎవ్వరు తేల్చలేదు.

ఆదివారం పొద్దున నేను పోయి చివరి బెంచీల కూసున్న. పాత్రను కరుణ మరుగుతున్న నీళ్ళల్ల వేసి కడిగింది. ద్రాక్షలు వాళ్ళ ఇంట్లనే ఉడకబెట్టి రసం తీసిండ్రు, సారా వాసన ఉన్నదేది అందుల కలవలేదని నేనే దగ్గరుండి చూసుకున్న. అయ్యగారు సబ్బుతోని చేతులు కడుక్కోని రొట్టె విరిచిండు. రత్నం మాస్కుతోని ముందు వరుసల, కిటికీ పక్కన కూసున్నడు.

పిలుపు వచ్చింది. రత్నం పోయిండు, మాస్కు తీసిండు, రొట్టె తిన్నడు, పాత్ర పట్టుకోని ఒక్క గుక్క తాగిండు. మళ్ళ వచ్చి కూసుంటడనుకున్న. కూసోలేదు. బల్ల పక్కన అట్లనే నిలబడ్డడు, మంది దిక్కు మొఖం పెట్టి.

అయ్యగారు పాత్ర ఎత్తి తాగిండు. అది ఆయన ధర్మం, తాగుతడు. తర్వాత పెద్దల వరుస లేవాలె. లేవలేదు. ఇమ్మానుయేలు గారు బైబిల్ పేజీలు తిప్పుతున్నడు. కరుణ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఎవ్వరు లేవకపోతే రత్నం ఇంక ఈ గడప తొక్కడు, ఏ గడప తొక్కడు. గోళీలు కూడ వేసుకోడు. అది నాకు ఖాయంగ తెలుసు. లేసి అరవాలనిపించింది. నాకు అక్కడ హక్కు లేదు.

ఆడోళ్ళ దిక్కు బెంచీ కిర్రుమన్నది. లేచింది ఇమ్మానుయేలు గారి భార్య. వరుస లేదు, గిరుస లేదు. మొగోళ్ళ బెంచీల మధ్యలకెళ్ళి నడిచి, మొగని పక్కకెళ్ళి ఆయన మొఖం చూడకుంట పోయింది. రత్నం ముందట నిలబడి "బాగున్నవా కొడుకా" అని వాని తల నిమిరి, పాత్ర అందుకోని తాగింది. ఆమె అక్కడనే నిలబడి మొగని దిక్కు చూసింది. ఇమ్మానుయేలు గారు బైబిల్ మూసిండు. ఇంటికి పోవాలె గద పాపం! లేచిండు. ఆయన ఎనుక పెద్దలు, వాళ్ళ ఎనుక అందరు. మొగోళ్ళు ఆడోళ్ళు కలిసిపోయిండ్రు. పాత్ర ఎన్నిసార్లు నింపిండ్రో నేను చూడలే, నాకు కండ్లు మసకబారినయి.

రత్నం రిపోర్టులు ఆ తర్వాత ఎట్ల వచ్చినయని మీరు అడుగుతరు. బాగనే వచ్చినయి. పెద్ద డాక్టరు ఈసారి ముందుగ వాని మొఖం చూసి, తర్వాత రిపోర్టు చూసిండు.

ఆ ఆదివారం వరుసల ఆఖరిది శాంతమ్మ. పాత్రను పైకెత్తి అడుగుబొట్టు దాంక తాగి, కొంగుతోని మూతి తుడుసుకోని, సీదా నా బెంచీ కాడికి వచ్చింది. ఏడుస్తున్నది, నవ్వుతున్నది. నా భుజం గట్టిగ పట్టుకోని చెవుల చెప్పింది.

"సూసినవా సిస్టరమ్మా? అందరు నా కొడుకు ఎంగిలి తాగిండ్రు."